ఏటవాలు దిండు

దిండు కుట్టు సగం విప్పేసరికే ఆరిఫాకు ఆయాసం వచ్చింది. అయినా ఆపలేదు. దూది మూటల మధ్య కూర్చుని, బ్లేడు ముక్కతో ఒక్కొక్క దారాన్నీ తెంపి పక్కన పడేస్తోంది.

మామూలు దిండు కాదది. తల వైపు మూరెడు ఎత్తు, నడుము దగ్గరికి వచ్చేసరికి బెత్తెడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని ఆమె అన్నందుకు నిరుడు మోయిజ్ తన చేత్తో కుట్టిన ఏటవాలు దిండు. కింద గట్టిగా పత్తి దూది దట్టించి, పైన మెత్తగా బూరుగు దూది పరిచాడు. చూడవచ్చిన చుట్టాలంతా ఆ దిండును నొక్కి నొక్కి చూసి, మొగుడంటే ఇలా ఉండాలి అని మెచ్చుకున్నారు. ఆరిఫా కూడా మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

వంటింట్లోంచి అత్తగారు ఫజిలత్ గొణుగుడు వినిపిస్తోంది. అన్నం చల్లారిపోయిందని, పప్పు రెండుసార్లు వేడిచేశానని, ఈ ఇంట్లో మనుషులకు ఆకలి చచ్చిందా అని. నిన్న సాయంత్రం ఖమ్మం బస్సు దిగినప్పటి నుంచి కోడలు ఎవరితోనూ పలకలేదు. రాత్రి మొగుడి గదిలోకి పోకుండా కూతురు మెహ్రీన్ పక్కన పడుకుంది. పొద్దున బిడ్డను బడికి పంపి, ఇల్లందులో ఉన్న అన్నకు ఫోను చేసి, ఒక్కసారి వచ్చి నన్ను తీసుకుపో అని మాత్రం చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత దిండు చంకన పెట్టుకుని ఇంటి వెనక షెడ్డులోకి వచ్చింది.

ఆ షెడ్డులో ఆమె అడుగుపెట్టి ఏడాది దాటింది.

అంతకుముందు అది ఆమె రాజ్యం. జూలూరుపాడు చుట్టూ పత్తి పండించే ఊళ్లే. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే పరుపులు కుట్టించుకునేవాళ్లు మోయిజ్ దుకాణం ముందు వరస కడతారు. మోయిజ్ ఏకుడు మిషను నడిపితే, దూది ఎంచడం ఆరిఫా పని. పర్ణశాల వైపు అడవి ఊళ్ల నుంచి బూరుగు దూది తెచ్చే రామక్క అయితే ఆరిఫా చేతికి తప్ప ఇంకెవరికీ మూట ఇచ్చేది కాదు. చిటికెడు దూది చెంపకు ఆనించుకుని, ఇది ఈ ఏటిదో పోయినేటిదో, లోపల తేమ ఉందో లేదో ఆరిఫా ఇట్టే చెప్పేసేది. ఆ ఇంట్లో మూడు తరాలుగా దూది ఏకుతున్నా అంత నేర్పు ఎవరికీ లేదు. ఫజిలత్ పైకి ఒప్పుకోదు గాని ఆమెకూ ఆ సంగతి తెలుసు.

నిరుడు ఆరిఫాకు ఆయాసం మొదలైంది. ఖమ్మంలో గుండె పరీక్ష చేయించి, రిపోర్టు తీసుకుని డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్లిన మోయిజ్, బయటికొచ్చి గుండెకేం ఢోకా లేదన్నాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నాడు. ఆ మాటను ఎవరు మాత్రం అనుమానిస్తారు? మోయిజ్ తండ్రి దగ్గి దగ్గి పోయినవాడే. దూది ఏకే ఇంట్లో ఎవరికి ఆయాసం వచ్చినా దుమ్ము మీదే నెట్టేస్తారు, ఇంకో కారణం ఉంటుందని ఎవరికీ తోచదు. మోయిజ్ షెడ్డు గుమ్మానికి గోనెపట్టా కట్టాడు. పెళ్లాన్ని లోపలికి రావద్దన్నాడు. నోట్లో పెట్టుకుని పీల్చే పంపు కొనిచ్చాడు. దిండు కుట్టిచ్చాడు.

నిన్న ఆ గోనెపట్టా, పంపు, దిండు అన్నీ ఒక్క మాటతో అబద్ధాలైపోయాయి.

ఆయాసం ముదిరి మళ్లీ ఖమ్మం పోతే, ఈసారి ఆరిఫా కూడా డాక్టరు గదిలోకి వెళ్లింది. గుండె డాక్టరు దీపిక, తెర మీద ఆరిఫా గుండెను చూపించి, పదమూడేళ్ల కిందట ఆపరేషన్ చేసి లోపల అమర్చిన వాల్వు బిరుసెక్కిందని చెప్పింది. సరిగ్గా మూసుకోవడం లేదు, నెత్తురు వెనక్కి కారుతోంది, అందుకే ఈ ఆయాసం. అది పశువు గుండె చుట్టూ ఉండే పొరతో చేసిన వాల్వు. అలాంటివి పదేళ్లు, బాగుంటే పదిహేనేళ్లు పనిచేస్తాయి. పడుచు వయసులో పెట్టినవి ఇంకా ముందే పాడవుతుంటాయి. మళ్లీ ఛాతీ కోసి కొత్తది పెట్టాలి. రెండోసారి ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, ఆలస్యం చేసేకొద్దీ ఇంకా కష్టం. ఇదంతా మెల్లగా వివరించి, మోయిజ్ వైపు తిరిగి, పోయినేడు నేను చెప్పినప్పుడే తీసుకొచ్చి ఉంటే బాగుండేది కదండీ అంది.

మోయిజ్ తల వంచుకున్నాడు. ఆరిఫా అతన్ని చూసింది. అంతే, మళ్లీ అతని వైపు చూడలేదు.

సోమవారం రమ్మంది డాక్టరు. ఈసారి ఏ రకం వాల్వు పెట్టాలో నిర్ణయించుకోవాలి, తొందరపడి కాదు గాని తేల్చుకోవాలి, నీకు బాగా నమ్మకమైన మనిషిని ఒకరిని వెంట తెచ్చుకోమంది. బస్సులో కొత్తగూడెం దారి పొడుగునా ఆరిఫా ఆ మాటనే నమిలింది. తన గుండెను కోసేముందు పక్కన కూర్చోబెట్టుకోదగ్గ మనిషి ఎవరు? నిన్నటి దాకా ఆ ప్రశ్నకు మోయిజ్ అని కళ్లు మూసుకుని చెప్పేది.

గోనెపట్టా తొలగించి మోయిజ్ లోపలికి వచ్చాడు. చేతిలో మాస్కు ఉంది. పెట్టుకోమని చాపాడు. అలవాటు ఎంత పనైనా చేయిస్తుంది. ఏడాదిగా చెప్పిన అబద్ధం అతని చేతికి కూడా అంటుకుపోయింది.

"ఇంక గూడ దుమ్మేనా?" అంది ఆరిఫా.

నిన్నటి నుంచి అతనితో అన్న మొదటి మాట అది. మోయిజ్ మాస్కును జేబులో కుక్కుకుని, ఎదురుగా ఉన్న మూట మీద కూర్చున్నాడు.

"భయమైంది ఆరిఫా. రెండోసారి కోత అంటే ఎట్లుంటదో ఆ డాక్టరమ్మ చెప్తుంటే నాకు కాళ్లు చేతులు ఆడలె. బయటికొస్తే నువ్వు బెంచి మీద కూసొని మెహ్రీన్‌కు జడ అల్లుతున్నవు. నవ్వుకుంట ఏమన్నరు అని అడిగినవు. దుమ్ము అని నోట్లకెళ్లి వచ్చేసింది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటనే ఉన్న."

"ఏడాది అనుకున్నవు."

"అవ్."

"రామక్క అంత దూరం నుంచి మూట నెత్తిన పెట్టుకొని వచ్చి, ఆరిఫమ్మతోనే చూపిస్త అంటే, ఆమెకు దుమ్ము పడదని నువ్వు వాపస్ పంపినవు. నేను కిటికీల నిలబడి చూసిన. నా పని పాయె, నా చెయ్యి పాయె అని ఏడ్చిన. నువ్వు నా పక్కన కూసొని కండ్లు తుడిచినవు. గుర్తుందా?"

మోయిజ్ తల ఊపాడు.

ఆరిఫా విప్పిన దిండును కాలితో అతని వైపు జరిపింది. ఇదేంది మరి, అన్నట్టు చూసింది. తల ఎత్తు పెట్టి పడుకుంటే ఊపిరి తేలికవుతుందని డాక్టరే చెప్పిందని, ఆ ఒక్క పనీ అబద్ధం లేకుండా చేశానని, కుడుతున్నంతసేపూ ఏడుస్తూనే కుట్టానని మోయిజ్ చెప్పుకొచ్చాడు. ఆరిఫాకు జాలి కలగలేదు. కలగనందుకు ఆమెకే వింతగా తోచింది. తన గుండె పాడైందని తెలిసి ఇతను కుట్టిన దిండు మీద, తెలియని తాను ఏడాది పాటు తల పెట్టి నిద్రపోయింది. ఒకే గదిలో, ఒకే మంచం మీద. అదే ఆమెకు మింగుడు పడటం లేదు.

"డాక్టరమ్మ ఇంకో మాట గూడ అన్నది" అంది, గొంతు తగ్గించి. "వాల్వులు రెండు తీర్లు ఉంటయని మొదటి ఆపరేషన్ అప్పుడే మీకు చెప్పి ఉంటరు గదా అన్నది. నాకెవ్వరు చెప్పలె. నీకు చెప్పిన్రా?"

ఈ ప్రశ్న వస్తుందని మోయిజ్‌కు నిన్నటి నుంచీ తెలుసు. తెలిసినా జవాబు సిద్ధం చేసుకోలేదు, పాపం. నేల మీద పడ్డ దూది పింజలను ఒక్కొక్కటే ఏరాడు. ఏరడానికి ఇంకేమీ మిగలక చెప్పాడు.

పదమూడేళ్ల కిందటి మాట. చిన్నప్పటి కీళ్ల జ్వరం ఎప్పుడో చాటుగా గుండెను కొరికేసిందని, ఆరిఫాను హైదరాబాదులో పెద్ద దవాఖానాలో చేర్చారు. పెళ్లయి రెండేళ్లు, ఇంకా కడుపు పండలేదు. ఆపరేషన్‌కు ముందు పెద్ద డాక్టరు మగవాళ్లను గదిలోకి పిలిచాడు. ఇనుప వాల్వు పెడితే మళ్లీ మార్చే పని సాధారణంగా ఉండదు, కాని నెత్తురు గడ్డకట్టకుండా జీవితాంతం బిళ్ల మింగాలి, ఆ బిళ్లతో కాన్పు తల్లికీ బిడ్డకీ ప్రమాదం. పశువు పొరతో చేసే తోలు వాల్వు పెడితే ఆ బిళ్ల గోల ఉండదు, పిల్లల్ని కనవచ్చు, కాని కొన్నేళ్లకు అది అరిగిపోతుంది, మళ్లీ కోత తప్పదు. ఏది పెట్టమంటారు అని అడిగాడు.

"తోలుది పెట్టమని చెప్పినం" అన్నాడు మోయిజ్.

"నేను ఆ పక్క గదిల్నే ఉన్న గదా."

"నువ్వు ఊపిరాడక కొట్టుకుంటున్నవు."

"సరే, ఆనాడు కొట్టుకుంటున్న. తర్వాత? ఇంటికొచ్చినంక దర్గా కాడ మొక్కు తీర్చి కందూరు చేసిన్రు. ఇదే ఆఖరి కోత, ఇంక నూరేండ్లు నిశ్చింత అని ఊరందరికి అన్నం పెట్టిన్రు. ఆ అన్నం నేను గూడ తిన్న. మెహ్రీన్ పుట్టింది, నడిచింది, బడికి పోయింది. ఒక్కనాడన్నా చెప్పబుద్ధి కాలేదా?"

మోయిజ్ ఏరిన పింజలను పక్క మూటలో కుక్కాడు.

ఆరిఫా దిండు మూల పట్టుకుని పైకెత్తింది. ఆ మూలన కుట్టు ఎర్రదారంతో ఉంది. మోయిజ్ ఇంటి ఆచారం అది. పరుపైనా దిండైనా మూడు మూలలు తెల్లదారంతో కుట్టి, నాలుగోది ఎర్రదారంతో కుడతారు. అమ్మేటప్పుడు కొనేవాళ్ల చెయ్యి పట్టుకుని ఆ మూల తడిమిస్తారు. ఇందాక ఆరిఫా విప్పడం మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచే.

"పరుపు కొననీకి వచ్చినోళ్లకు ఈ దారం చూపెట్టి ఏం చెప్తవు నువ్వు?"

మోయిజ్ ఆమె మొహంలోకి చూసి, ఏం అడుగుతోందో అర్థమై, చూపు తిప్పుకున్నాడు.

"చెప్పు. ఏం చెప్తవు?"

"నాలుగైదేండ్లకు దూది గడ్డ కడ్తది... గీ మూల విప్పి మళ్ల ఏకిపియ్యాలె అని."

"అడగకున్నా చెప్తవు. కొననోళ్లకు గూడ చెప్తవు. చెప్పకుంట అమ్మితే హరాం అని మామ నేర్పిండంటవు. కింద పరుసుకునేదానికి అంత ఈమాను, అంత నీతి ఉంది నీకు. నా గుండెకాయల పెట్టినదానికి ఎర్రదారం ఏది?"

ఆమె లేచి, దిండు కడుపులోంచి దూది గుప్పెళ్లతో లాగి, మిషను పళ్లెంలో వేసి స్విచ్చి నొక్కింది. మిషను మొత్తుకుంటూ లేచింది. గడ్డకట్టిన దూది పళ్ల మధ్య చీలి, రెండో వైపు పొరలు పొరలుగా తేలి పడసాగింది. షెడ్డంతా తెల్లగా దుమ్ము కమ్మింది. మోయిజ్ లేచి నిలబడ్డాడు గాని స్విచ్చి దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. ఏడాది తర్వాత ఆ వాసన, ఆ మోత ఆరిఫాకు తెలిసిన చుట్టాల్లా తగిలాయి. దగ్గు రాలేదు. ఇన్నాళ్లూ అనవసరంగా తిట్టుకున్న దుమ్ము అది.

నాలుగు గుప్పెళ్లు వేసేసరికి మాత్రం గుండె తన సంగతి చెప్పింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఆమే స్విచ్చి కట్టేసి గోడకు ఆనుకుంది. మోయిజ్ చెయ్యి చాపబోతే వద్దని తల ఊపింది. ఆమె ఊపిరి కుదుటపడే దాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు.

మిషను మోత ఆగేసరికి ఫజిలత్ అన్నం పళ్లెంతో వచ్చింది. కోడలి మొహం చూసి పళ్లెం కింద పెట్టింది. ఆరిఫాకు ఆ మనిషిని చూడగానే కోపం కొత్త దారి పట్టింది. పెళ్లయిన ఏడాదికే కడుపు పండలేదని ఇరుగు పొరుగుతో నిట్టూర్చింది ఈవిడే కదా. మనవలు కావాలని ఈ ఇంట్లో ఎవరు తొందర పెట్టారో, ఆ తోలు వాల్వు ఎవరి ఆశ కోసం పెట్టించారో తనకు తెలియదనుకోవద్దని మొహం మీదే అనేసింది. పదిహేనేళ్లలో అత్తగారితో అంత మాట ఎన్నడూ అనలేదు.

ఫజిలత్ నోరు తెరిచింది. నోరు తెరిస్తే ఊరుకునే మనిషి కాదు. కాని కొడుకు ఆమె వైపు చూసి, కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు. ముసలామె నోరు మూసుకుంది. పైట చెంగుతో మూతి తుడుచుకుని, "తిను బిడ్డా. తిన్నంక తిట్టు" అని వెళ్లిపోయింది.

ఆ తల ఊపడం ఆరిఫా చూసింది. తల్లీకొడుకుల మధ్య ఇంకేదో నాటకం అనుకుని వదిలేసింది.

వాకిట్లో మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. వజీర్ వచ్చాడు.

అన్న గొంతు వినగానే ఆరిఫాకు నిన్నటి నుంచి రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. అమ్మానాన్న పోయాక ఆమెను ఎత్తుకుని తిరిగినవాడు వజీర్. ఇల్లందులో కుట్టు మిషన్లు బాగుచేస్తూ, తన పెళ్లి ఆపుకుని చెల్లెలి పెళ్లి చేశాడు. ఆపరేషన్‌కు నెత్తురిచ్చి, వారం పాటు దవాఖానా మెట్ల మీద పడుకున్నాడు. డాక్టరు చెప్పిన నమ్మకమైన మనిషి మోటారు సైకిలు దిగి నడిచి వస్తున్నాడు. అంత తేలికైన జవాబు కోసం బస్సులో అంతగా కుమిలిపోయానెందుకు అనిపించింది ఆమెకు.

వజీర్ వచ్చీ రాగానే మోయిజ్ మీద విరుచుకుపడ్డాడు. ఈ మిషను ఊరి బయట పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పానన్నాడు. ఆడపిల్లను దుమ్ములో ముంచి చంపుతావా అన్నాడు. నా చెల్లెలు నాకు బరువు కాదు, ఇవాళే తీసుకుపోతానన్నాడు. మోయిజ్ ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. ఆరిఫా ఇంట్లోకి పోయి, తనవీ మెహ్రీన్‌వీ నాలుగు జతల బట్టలు సంచిలో సర్దుకుంది. తిరిగి షెడ్డులోకి వచ్చేసరికి వజీర్ ఇంకా దుమ్ము దగ్గరే ఉన్నాడు.

"దుమ్ము కాదన్నా" అంది, కళ్లు తుడుచుకుంటూ. "నా వాల్వు పాడైంది. మళ్ల కొయ్యాలంట."

వజీర్ తిట్టడం ఆపాడు. ఆశ్చర్యపోతాడని, తల పట్టుకుంటాడని, ఏం వాల్వు, ఎట్లా పాడైంది అని అడుగుతాడని ఆరిఫా ఎదురుచూసింది. అతను ఆమె వైపు చూడనే లేదు. మోయిజ్ వైపు తిరిగాడు. గొంతు సగానికి దిగింది.

"చెప్పేసినవా?"

మోయిజ్ కళ్లు మూసుకున్నాడు.

"నీ పేరు తియ్యలె బావా" అన్నాడు.

ఆరిఫా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. ఇందాక మోయిజ్ అన్న మాట ఒకటి ఇప్పుడు వచ్చి చెవిలో పడింది. తోలుది పెట్టమని చెప్పిన అనలేదతను. చెప్పినం అన్నాడు.

"ఆ గదిల నువ్వు గూడ ఉన్నవా అన్నా?"

వజీర్ మూట మీద కూలబడ్డాడు. దాచి ఇక లాభం లేదనుకున్నాడో, దాచీ దాచీ అలిసిపోయాడో, అడక్కుండానే అంతా చెప్పాడు. ఆనాడు మోయిజ్ ఇనుపదే పెట్టమన్నాడట. ఇంటికి ఫోను చేస్తే ఫజిలత్ కూడా, పిల్లలు లేకుంటే లేకపాయె, పిల్ల బతకాలె, ఇనుపదే పెట్టియ్యిరి అందట. వజీరే మోయిజ్ చేతులు పట్టుకున్నాడు. తోలుదే పెట్టమని డాక్టరును బతిమాలాడు. ఆరిఫాకు ఈ సంగతి ఎన్నటికీ తెలియకూడదని మోయిజ్‌తో ఖురాను మీద ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే రోజూ చావును లెక్కపెట్టుకుంటూ బతుకుతుందని.

గోనెపట్టా అవతల ఫజిలత్ నిలబడి వింటోంది. ఆమె కొంగు అంచు కనబడుతోంది. ఇందాక నోటికొచ్చినట్టు అన్న మాటలు తిరిగి వచ్చి ఆరిఫాకే తగిలాయి.

"ఎందుకు?" అంది అన్నతో.

"పిల్లలు గాకపోతే నిన్ను ఎన్నాళ్లు ఉంచుకుంటరు చెల్లె? ఇయ్యాల మంచిగనే ఉంటరు. రేపు ఇంకోదాన్ని తెస్తే? నీకెవరున్నరు?"

"నువ్వున్నవు గదా."

వజీర్ జవాబు చెప్పలేదు. ఆ జవాబు లేకపోవడంలోనే ఆరిఫాకు అంతా వినిపించింది. దవాఖానా మెట్ల మీద పడుకున్నవాడు, నెత్తురిచ్చినవాడు, చెల్లెలు ఎక్కడ తిరిగి తన గుమ్మం ఎక్కుతుందోనని భయపడ్డాడు. ఆ భయాన్ని ఆమె గుండెలో పెట్టించి కుట్టించాడు. మొగుడు చేసిన మోసానికి నిన్నటి నుంచి కోపం వస్తూనే ఉంది. ఇది కోపంతో పోయేది కాదు. లోపల ఏదో చల్లబడిపోయింది.

"ఇయ్యాల వచ్చిన గద చెల్లె తీసుకపోనీకి" అన్నాడు వజీర్, చిన్నగా.

ఆరిఫా సంచి కింద పెట్టింది.

"నన్ను అడిగుంటే నేను గూడ తోలుదే పెట్టమంటుంటి" అంది.

ఇద్దరు మగవాళ్లూ తలెత్తారు.

"అవ్. నాకు బిడ్డ గావాలనే ఉండె. ఎన్నేండ్లకు పాడైతే అన్నేండ్లకే, మెహ్రీన్‌ను కని మళ్ల కోతకు పోత అంటుంటి. అప్పుడు ఇది నేను కోరుకున్న కోత అవుతుండె. ఎప్పుడొస్తదో చూసుకుంట, ధైర్యం కూడగట్టుకుంట ఉందును. నేను ఏమంటనో మీకు తెల్వదు, తెలుసుకోవాలని గూడ మీకు అనిపియ్యలె. నా బతుకుల ఒక్క పెద్ద మాట నేను చెప్పేది ఉండె. అది గూడ మీరే చెప్పేసిన్రు."

అంత మాట్లాడేసరికి ఆమెకు మళ్లీ రొప్పు వచ్చింది. పళ్లెంలో అన్నం మీద దూది పింజలు వాలాయి.

వజీర్ గొంతు సవరించుకున్నాడు. కోపాలు తర్వాత చూసుకుందాం, సోమవారం ఎవరు వెంట పోతారో ముందు అది తేల్చమన్నాడు. ఇద్దరమూ వస్తామన్నాడు మోయిజ్. ఎవ్వరూ రావద్దు, నేనే పోతానంది ఆరిఫా. ఇనుపదో, తోలుదో, ఈసారి డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని తానే అడిగి తానే చెబుతానంది.

"అట్ల ఒప్పుకోరు చెల్లె. సంతకం పెట్టనీకి ఇంటి మనిషి గావాలంటరు."

"సంతకం నాకు గూడ వచ్చు" అంది ఆరిఫా.

గోనెపట్టా కదిలింది. ఫజిలత్ లోపలికి వస్తోందనుకున్నారు. వచ్చింది మెహ్రీన్. శనివారం ఒంటిపూట బడి. బడి సంచి ఇంకా వీపు మీదే ఉంది. వెనకాల ఫజిలత్ మనవరాలి భుజం పట్టుకుని ఆపబోయి, ఆపలేక నిలబడింది. పిల్ల ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో ఎవరికీ తెలియదు. ఐదో తరగతి పిల్ల, అర్థం కాలేదనుకోవడానికి లేదు.

మెహ్రీన్ నేల మీద చిందరవందరగా పడి ఉన్న దిండును చూసింది. తల్లి రొప్పుతుండటం చూసింది. దగ్గరికి రాకుండా అక్కడే నిలబడి అడిగింది.

"అమ్మీ, నేను పుట్టాలనే నీకు పాడయ్యేది పెట్టిన్రా?"

మోయిజ్, వజీర్, ఫజిలత్, ముగ్గురూ ఆరిఫా వైపు చూశారు. ముగ్గురి కళ్లలోనూ ఒకటే బతిమాలడం ఉంది. కాదని చెప్పు. పిల్ల కదా, ఇప్పటికి కాదని చెప్పు.

కాదు బిడ్డా అనడం ఎంత తేలికో ఆరిఫాకు అప్పుడు తెలిసింది. నిరుడు ఖమ్మంలో బెంచి ముందు నిలబడి, జడ అల్లుతున్న తనను చూసి మోయిజ్ దుమ్ము అన్నప్పుడు, ఆ మాట కూడా ఇలాగే అతని నోటి దాకా వచ్చి నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఆమె నోట్లోనూ ఒక మాట తయారుగా ఉంది. మెహ్రీన్ కళ్లార్పకుండా తల్లి పెదవుల వైపే చూస్తోంది.